సెన్సార్ కేంద్రమా, స్వచ్ఛంద బృందమా? పెద్ద సరస్సు పర్యవేక్షణకు ఏది మేలు

పెద్ద సరస్సు ఆరోగ్యాన్ని ఉమ్మడిగా గమనించాలని పూనుకున్న బృందాల నుంచి దాదాపు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. ఒడ్డునున్న పురపాలక సంఘాలు, మత్స్యకారుల సంఘాలు, ఒకటి రెండు కళాశాలలు, ఒక ప్రభుత్వ శాఖ చేతులు కలిపాయి. కొంత నిధి కూడింది. ఆ నిధితో నీటిపై తేలే సెన్సార్ కేంద్రాన్ని కొనాలా, లేక ఒడ్డువాసులకు శిక్షణ ఇచ్చి వారి చేత క్రమం తప్పకుండా కొలతలు తీయించాలా? ప్రయోగశాల పరీక్షలు, ఉపగ్రహ చిత్రాలు కూడా ఈ చర్చలోకి వస్తాయి గానీ అసలు పోటీ మొదటి రెండింటి మధ్యనే. పోషకాలు పెరిగితే నాచు ఎందుకు విజృంభిస్తుందో, ఆ నాచు కుళ్లితే అడుగు నీటిలో ఆక్సిజన్ ఎందుకు తరుగుతుందో ఈ ప్రశ్న అడిగేవారికి తెలుసు కాబట్టి ఆ పాఠం ఇక్కడ చెప్పబోవడం లేదు.

పోలికకు ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న చెరువుకూ పెద్ద సరస్సుకూ ఉన్న తేడా వైశాల్యంతో తీరిపోదు. పెద్ద సరస్సులో నీరంతా ఒకే తీరుగా ఉండదు. ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సునే తీసుకుంటే, దాని పశ్చిమ భాగం సగటున 7 మీటర్ల లోతు మాత్రమే ఉండి, పొలాల నుంచి నదుల వెంట వచ్చే భాస్వరాన్ని ముందుగా అందుకొని, వేసవి చివరలో నీలి-ఆకుపచ్చ నాచుతో నిండుతుంది. సగటున 18 మీటర్ల లోతున్న మధ్య భాగం అడుగున ఆక్సిజన్ కోల్పోతుంది. తూర్పు భాగం ఇంకా లోతైనది, ఈ రెండు బాధలూ అక్కడ చాలా తక్కువ. ఒడిశాలోని చిల్కాలో సముద్రపు ఉప్పునీరూ నదుల మంచినీరూ కలిసే తీరు చోటు చోటుకూ మారుతుంది కాబట్టి ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలనూ సముద్రంతో కలిపే వెలుపలి కాలువనూ నాలుగు వేర్వేరు మండలాలుగా చూస్తారు. ఇలాంటి సరస్సులో ఒక్క చోట తీసిన కొలత, అది ఎంత కచ్చితమైనదైనా, ఆ చోటు గురించే చెబుతుంది. దానికి తోడు గాలి దిశ మారితే నీటిపై తేలే నాచు రాత్రికి రాత్రే ఒక తీరాన్ని వదిలి ఎదుటి తీరానికి చేరుతుంది. సరస్సు పెద్దదయ్యే కొద్దీ దాని మీద అధికారాలు కూడా పంచుకుపోతాయి; షాంప్లైన్ సరస్సు ఒక్కదానికే అమెరికాలోని రెండు రాష్ట్రాలు, కెనడాలోని ఒక ప్రావిన్స్ బాధ్యత వహించాలి.

ముందుగా సెన్సార్ కేంద్రాల పక్షాన న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. సాధారణంగా అవి 15 నిమిషాలకు ఒకసారి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, ఆమ్ల-క్షార స్థాయి, విద్యుద్వాహకత, నీటి మసకదనం, నాచు వర్ణకాల మెరుపు వంటివి కొలిచి ఒడ్డుకు పంపుతాయి. మనుషులు వెళ్లని వేళల్లో జరిగేదంతా వాటికి కనిపిస్తుంది. పగలు నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని పీల్చుకుంటుంది. అందువల్ల పోషకాలు ఎక్కువైన సరస్సులో ఆక్సిజన్ అత్యల్ప స్థాయికి చేరేది తెల్లవారుజామున. పట్టపగలు వెళ్లి కొలిచినవారికి నీరు నిక్షేపంగా ఉన్నట్టే తోస్తుంది, చేపలు మాత్రం అంతకు కొన్ని గంటల ముందే ఊపిరాడక పైకి తేలి ఉంటాయి. తుపాను గాలికి పై నీరూ అడుగు నీరూ కలిసిపోవడాన్ని వేర్వేరు లోతుల్లో వేలాడదీసిన ఉష్ణోగ్రత సెన్సార్ల వరుస గంట గంటకూ పట్టి చూపుతుంది. ఆ గాలిలో పడవ వేసుకొని వెళ్లమని ఎవరినీ అడగలేము, అడగకూడదు కూడా. ఈరీ మధ్య భాగంలో ఆక్సిజన్ లేని అడుగు నీరు గాలి ఒత్తిడికి ఒడ్డువైపు నెట్టుకొచ్చి, మాంగనీసును వెంటబెట్టుకొని తాగునీటి గొట్టాల్లోకి చేరడం గంటల్లో జరిగిపోయే వ్యవహారం. అక్కడ నెలకోసారి తీసే నమూనా ఎందుకూ కొరగాదు.

అయితే ఈ పరికరాలు నీటిలో మునిగి ఉండేవి. ఆ మాట కరపత్రాల్లో పెద్దగా కనిపించదు. వేసవిలో పోషకాలు నిండిన వెచ్చని నీటిలో రెండు మూడు వారాలు ఉంచిన ప్రోబ్‌ను పైకి తీసి చూస్తే దాని చుట్టూ వేలికి అంటుకునే జారుడు పొర ఉంటుంది. ఆ పొరలో పురుగుల గూళ్లు ఉంటాయి. జీబ్రా ఆల్చిప్పలున్న సరస్సయితే గోరంత పిల్ల ఆల్చిప్పలు సందు సందునా అతుక్కొని ఉంటాయి. కటకాన్ని తుడవడానికి అమర్చిన చిన్న బ్రష్ కుచ్చులో నాచు చిక్కుకున్నదంటే, అది తుడిచిన ప్రతిసారీ కటకం మీద మరకను ఇంకాస్త పరుస్తుంది. గ్రాఫులో ఆ తప్పు ఎక్కడా తప్పులా కనిపించదు. మసకదనం నెమ్మదిగా పెరుగుతున్నట్టు, ఆక్సిజన్ నెమ్మదిగా తరుగుతున్నట్టు, అంటే సరస్సు నిజంగానే క్షీణిస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది. అందుకే శుభ్రం చేయడానికి ముందు ఒక రీడింగు, శుభ్రం చేశాక ఒక రీడింగు, ఆ తర్వాత విలువ ముందే తెలిసిన ద్రావణంలో మరొక రీడింగు తీసి, మూడింటినీ తేదీ వేసి రాసిపెట్టాలి. ఈ మూడూ లేకపోతే గడిచిన వారాల అంకెలను సరిదిద్దే దారి ఉండదు, వాటిని నమ్మే దారీ ఉండదు. ఈ పని చేసేందుకు పడవ, తీరిక, నేర్పు ఉన్న మనిషి రెండు మూడు వారాలకోసారి వెళ్లాల్సిందే. మనుషుల అవసరం తప్పుతుందనుకొని సెన్సార్ కేంద్రం కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

నాచు కొలతల విషయంలో మరో రెండు జాగ్రత్తలు కావాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు పై నీటిలోని నాచు, అధిక వెలుతురు నుంచి తనను కాపాడుకునే క్రమంలో క్లోరోఫిల్ మెరుపును తగ్గించుకుంటుంది. నాచు అంతే ఉన్నా మధ్యాహ్నపు అంకె తక్కువగా వస్తుంది, కాబట్టి రోజులను పోల్చడానికి రాత్రి రీడింగులే మేలు. ఇక నీలి-ఆకుపచ్చ నాచును గుర్తించే సెన్సార్ చూసేది దాని నీలి వర్ణకాన్నే తప్ప అది వదిలే విషాన్ని కాదు. వర్ణకం ఎక్కువగా ఉండి విషం లేని రోజులూ ఉంటాయి, దానికి విరుద్ధంగా ఉండే రోజులూ ఉంటాయి. సెన్సార్ హెచ్చరించగలదు, నీరు తాగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ప్రయోగశాల నుంచే రావాలి.

స్వచ్ఛంద బృందాల పద్ధతికి ఆయువుపట్టు, నీటి పారదర్శకతను కొలిచే సెక్కి చక్రం. 1865లో ఇటలీకి చెందిన మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి మధ్యధరా సముద్రంలో ఓడ మీద నుంచి చక్రాలను నీటిలోకి దించి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో పరీక్షించారు. సరస్సుల్లో నేడు ఎక్కువగా వాడేది 20 సెంటీమీటర్ల వ్యాసంతో, నాలుగు భాగాలకు నలుపూ తెలుపూ మార్చి మార్చి వేసిన చక్రం. పడవకు నీడ పడిన వైపు నుంచి, నల్ల కళ్లద్దాలు తీసివేసి, పొద్దు బాగా ఎక్కిన వేళ దాన్ని దించుతారు. కనుమరుగైన చోట తాడును పట్టి లోతు చూసి, ఇంకాస్త దించి, మళ్లీ మెల్లగా పైకి లాగుతూ అది తిరిగి కనిపించిన లోతును కూడా చూసి, రెండింటి సగటును రాస్తారు. చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా తాడు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది, నైలాన్ తాడు తడిసి బరువుకు సాగుతుంది. ఏడాదికోసారైనా తడి తాడును టేపు పక్కన పరచి గుర్తులు సరిచూడకపోతే సరస్సుకు బదులు తాడులో వచ్చిన మార్పును కొలుస్తున్నట్టవుతుంది. చక్రం కనుమరుగు కాకముందే అడుగుకు తగిలితే ఆ అంకెను లోతుగా రాయకూడదు, ‘అడుగు తాకింది’ అనే రాయాలి.

ఈ సాదా కొలతకు శాస్త్రంలో దక్కిన స్థానం చిన్నది కాదు. 1977లో రాబర్ట్ కార్ల్‌సన్ ప్రతిపాదించిన పోషక స్థితి సూచిక పారదర్శకతను, క్లోరోఫిల్‌ను, మొత్తం భాస్వరాన్ని ఒకే కొలబద్ద మీదికి తెచ్చింది. పారదర్శకత సగానికి పడిపోయిన ప్రతిసారీ సూచిక 10 అంకెలు పెరుగుతుంది: 4 మీటర్లకు 40, 2 మీటర్లకు 50, 1 మీటరుకు 60. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1973లో మొదలైన పౌరుల సరస్సు పర్యవేక్షణ ఈ చక్రం మీదనే నడిచింది. ఆ ప్రాంతంలోని ఎనిమిది రాష్ట్రాలలో పౌరులు సేకరించిన సెక్కి కొలతలను ఒకచోట చేర్చి 2014లో వెలువడిన అధ్యయనంలో 3,251 సరస్సులు, రెండు లక్షలకు పైగా కొలతలు, 1938 నుంచి 2012 వరకు కాలం ఉన్నాయి. ఇన్ని సరస్సులను ఇంత కాలం గమనించేందుకు ఏ ప్రభుత్వ శాఖా పడవలను పంపలేదు.

చక్రానికి లోపాలున్నాయి, వాటిని దాచవలసిన పని లేదు. నీరు మసకగా ఉంటే అది నాచు వల్లనా, వానకు కొట్టుకొచ్చిన మట్టి వల్లనా, కుళ్లిన ఆకుల గోధుమ రంగు వల్లనా అన్నది చక్రం చెప్పదు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన సరస్సు బాగున్నట్టూ కాదు. 1980ల చివరలో ఓడల వెంట వచ్చిన జీబ్రా ఆల్చిప్పలు ఈరీ నీటిని వడగట్టి తేటపరిచాయి. కానీ ఆ తేటదనం వల్ల వెలుతురు లోతుకు చేరి ఒడ్డు పొడవునా పీచు నాచు పెరగడానికి దోవ దొరికింది, నీటిలో తేలాడే చిన్న జీవులైన ప్లవకాల ఆహారం ఆల్చిప్పల పాలైంది. కాబట్టి చక్రం ఒక్కదానితో సరిపెట్టుకునే బృందానికి నేను ఓటు వేయను. చక్రం దించిన చోటే, అదే రోజున ఒక సీసా నీరు భాస్వరం కోసం, మరొకటి క్లోరోఫిల్ కోసం తీయాలి. క్లోరోఫిల్ నీటిని వెలుతురు తగలకుండా ఒడ్డుకు తెచ్చి, వడపోసి, ఆ వడపోత కాగితాన్ని మడిచి అల్యూమినియం రేకులో చుట్టి గడ్డకట్టించి ప్రయోగశాలకు పంపడం శిక్షణ పొందిన ఎవరైనా చేయగల పని. షరతులు రెండే, చీకటి, చలి.

స్వచ్ఛంద కొలతల మీద తరచూ వినిపించే ఆక్షేపణ కచ్చితత్వం గురించి. నా దృష్టిలో అది రెండో స్థాయి సమస్య. ఏడాదికోసారి అనుభవజ్ఞుడు వెంట వెళ్లి, అదే పడవలో తానూ విడిగా కొలిచి పోల్చి చూస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది, దిద్దుకోవడమూ సులువే. అంతకంటే లోతైన చిక్కు వేరే ఉంది: మనుషులు వాతావరణం బాగున్న రోజుల్లోనే నీటి మీదికి వెళతారు. గాలివాన మర్నాడు, నాచు దుర్వాసన కొడుతున్న రోజున కొలతలు ఉండవు. నాచు కనిపించినప్పుడు మాత్రమే ఫొటో తీసి పంపితే, రికార్డులో నాచు పెరిగిందో, ఫోన్లు పెరిగాయో తేల్చలేము. షాంప్లైన్ సరస్సులో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు వేసవిలో వారం వారం తమకు కేటాయించిన చోటుకు వెళ్లి, నాచు లేకపోయినా ‘లేదు’ అని నివేదిక పంపుతారు. ఆ ‘లేదు’ అనే వరుసలు లేని పట్టికకు విలువ సగమే. ఉమ్మడి పర్యవేక్షణ మొదలుపెట్టే బృందం ఇంకేమి మరచినా ఈ నియమాన్ని మరవకూడదు.

ఇక ఈ పోలికను తేల్చే అంశం. సరస్సు ఆరోగ్యం ఏ దిశగా పోతున్నదో చెప్పడానికి కొలతల సంఖ్య కంటే సంవత్సరాల సంఖ్య ముఖ్యం. 15 నిమిషాలకు ఒకటి చొప్పున సెన్సార్ కేంద్రం ఏడాదికి 35,040 రీడింగులు ఇస్తుంది. అన్ని అంకెలు చేతికి వచ్చాక సరస్సు గురించి అంతా తెలిసిపోయిందన్న భరోసా కలగడం సహజం. కానీ వేసవిని ముప్పై అయిదు వేలసార్లు కొలిచినా అది ఒక్క వేసవే. దాని పక్కన నిలబెట్టి చూడటానికి వెనుకటి వేసవులు లేకపోతే అది వానలు ఎక్కువైన ఏడాదో, భాస్వరం పెరిగిన ఏడాదో చెప్పలేము.

అమెరికాలోని టాహో సరస్సు దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ పారదర్శకతను 1968 నుంచి ఎడతెగకుండా కొలుస్తున్నారు. ఆ మొదటి ఏడాది సగటు 31 మీటర్లు. 2017లో అది 18 మీటర్ల చిల్లరకు పడిపోయి, కొలతలు మొదలైన తర్వాత అతి తక్కువ వార్షిక సగటుగా నమోదైంది. మరుసటి ఏడాదే 3 మీటర్లకు పైగా పుంజుకొని 21 మీటర్లు దాటింది. 2017 ఒక్కటే చూసినవారు సరస్సు పని అయిపోయిందనుకుంటారు, 2017నూ 2018నూ కలిపి చూసినవారు సరస్సు కోలుకుందనుకుంటారు. కరవు తర్వాత వచ్చిన భారీ వానల ఏడాది మట్టినంతా సరస్సులోకి కడిగిందనీ, దీర్ఘకాలంలో మాత్రం పారదర్శకత దాదాపు మూడో వంతు తగ్గిన స్థితిలోనే ఉందనీ చెప్పగలిగినవారు ఆ యాభై ఏళ్ల వరుస చేతిలో ఉన్నవారే.

సైబీరియాలోని బైకాల్ కథ ఇంకా దృఢమైనది. మిఖాయిల్ కోజోవ్ అనే శాస్త్రవేత్త 1940ల మధ్యలో బోల్షియే కోటీ ఊరి ఎదురుగా ఒక స్థానాన్ని ఎంచుకొని, వారం పది రోజులకోసారి నీటి ఉష్ణోగ్రతనూ ప్లవకాలనూ నమోదు చేయడం మొదలుపెట్టారు. సరస్సు గడ్డకట్టిన చలికాలంలోనూ అది ఆగలేదు. ఆయన తర్వాత కూతురు ఓల్గా కోజోవా, ఆమె తర్వాత మనుమరాలు ల్యుబోవ్ ఇజ్‌మెస్తియేవా ఆ పనిని కొనసాగించారు. ప్రపంచంలోకెల్లా లోతైన, అంత చల్లని, అంత విస్తారమైన సరస్సు వాతావరణ మార్పుకు చలించదని అనుకునే రోజుల్లో, పై నీటి ఉష్ణోగ్రత 1946 నుంచి 1.21 డిగ్రీలు పెరిగిందని 2008లో ఆ రికార్డు ఆధారంగా లోకానికి తెలిసింది. స్థానం మార్చి ఉంటే, నడుమ పదేళ్లు ఆగి ఉంటే, ఆ అంకె రాబట్టడం సాధ్యమయ్యేది కాదు.

బైకాల్, టాహో రికార్డులు శాస్త్రవేత్తలవే కదా, స్వచ్ఛంద కార్యకర్తలవి కావు కదా అని అడగవచ్చు. నిజమే. అయితే వాటిని నిలబెట్టినవి ఏవి అని చూస్తే రెండే కనిపిస్తాయి: తరం మారినా మారనవసరం లేని చవక పద్ధతి, ఆ సరస్సును తమదిగా భావించి అక్కడే ఉండిపోయిన మనుషులు. ఈ రెండూ ఒడ్డువాసుల బృందానికి సహజంగా ఉండే బలాలు. సెన్సార్ కేంద్రానికి ఉన్నవి వీటికి ఎదురు లక్షణాలు. దాని ఆయుష్షు ప్రాజెక్టు నిధి ఆయుష్షే. పరికరం పాతబడి కొత్త నమూనా వస్తే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొంతన కుదరదు. రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలు దొరుకుతారు గానీ మూడో ఏట బ్యాటరీ మార్చడానికి పద్దు దొరకదు. ఈ కారణం చేతనే, ఒక్కదాన్నే ఎంచుకోక తప్పదంటే నేను స్వచ్ఛంద బృందం వైపు మొగ్గుతాను.

అయితే స్వచ్ఛందం అంటే ఖర్చు లేనిదని అర్థం చేసుకుంటే ఆ బృందం రెండో వేసవికే చెదురుతుంది. ప్రతి స్థానానికి ఇద్దరు ఉండాలి; ఒకరు ఊరెళితే మరొకరు చక్రం దించాలి. అందరినీ గుర్తుపెట్టుకొని ఫోను చేసే, సీసాలు పంచి తిరిగి సేకరించే, అంకెలను ఆ వారంలోనే పట్టికకెక్కించి తేడా కనిపిస్తే అప్పుడే అడిగే సమన్వయకర్త ఒకరు జీతం మీద ఉండాలి. కూడిన నిధిలో మొదటి పద్దు ఆ జీతానికే పోవాలని నా అభిప్రాయం. ఏటా కొలతలు తీసినవారికి వారి స్థానం గ్రాఫును చేతికివ్వడం కూడా ఆ సమన్వయకర్త పనే. తాను దించిన చక్రం ఏమి చెప్పిందో తెలియని మనిషి ఎక్కువ కాలం పడవ ఎక్కడు.

ఉమ్మడి పనిలో రికార్డు తెగిపోయేది చాలాసార్లు సరస్సు మీద కాదు, కాగితాల మీద. ఒకే చోటును పురపాలక సంఘం ఒక పేరుతో, కళాశాల మరో పేరుతో రాసుకుంటాయి. మొదటి రోజునే అక్షాంశ రేఖాంశాలతో సహా స్థానానికి ఒకే సంకేతం పెట్టుకోవాలి. ఒక ప్రయోగశాల భాస్వరాన్ని లీటరుకు 10 మైక్రోగ్రాముల వరకే పసిగట్టగలదు, మరొకటి 2 వరకు పసిగట్టగలదు అనుకుందాం. మొదటిదాని ‘పసిగట్టలేదు’ను ఒకరు సున్నాగా, మరొకరు 10గా, ఇంకొకరు 5గా రాస్తే, ప్రయోగశాల మారిన ఏడాదే సరస్సులో భాస్వరం పెరిగినట్టో తగ్గినట్టో లేని ధోరణి పుట్టుకొస్తుంది. పద్ధతి మార్చక తప్పని పరిస్థితి వస్తే కనీసం ఒక పూర్తి ఏడాది పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ జంటగా నడిపి, రెండింటి మధ్య సంబంధాన్ని లెక్కగట్టాకే పాతదాన్ని వదలాలి. ఒకే సీసా నీటిని రెండుగా పోసి రెండు ప్రయోగశాలలకు పంపి ఫలితాలు పోల్చుకోవడం ఏడాదికి రెండుసార్లయినా జరగాలి. భాగస్వాములు చేసుకునే ఒప్పందంలో ఆశయాల కంటే ఈ నాలుగు సంగతులకు ఎక్కువ చోటు ఇవ్వాలి.

మనుషుల చేతి కొలతకు మరో ప్రయోజనం ఉంది, దాన్ని ఏ సెన్సార్ భర్తీ చేయలేదు. అమెరికాలోని సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సులో శుద్ధి కేంద్రాల నుంచి వదిలే మురుగునీటి భాస్వరం వల్ల 1955లో ఆసిలటోరియా నాచు విజృంభించింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్మండ్‌సన్, 1933, 1950 సంవత్సరాల పాత పరిశీలనలతో పోల్చి, సరస్సు ఎటు పోతున్నదో చూపగలిగారు. మురుగునీటిని మళ్లించే సంస్థ ఏర్పాటుకు 1958లో జరిగిన మొదటి ఓటింగులో ప్రజలు ఆమోదించలేదు, అదే ఏడాది రెండోసారి ఆమోదించారు. 1963లో మొదలైన మళ్లింపు 1968 నాటికి పూర్తయింది. 1960లలో దాదాపు మీటరు మాత్రమే ఉన్న పారదర్శకత ఆ తర్వాతి దశాబ్దంలో కొన్ని రెట్లు పెరిగింది. అక్కడ నిర్ణయం ఓటర్ల చేతిలో ఉంది. పన్ను కట్టి మురుగు కాలువ వేయించవలసినవారే చక్రం దించినవారు కూడా అయితే, నివేదిక నిజమా కాదా అన్న వాదన మీద కాలం వృథా కాదు.

ప్రభుత్వ ప్రయోగశాల నెలవారీ నమూనాలను ప్రత్యామ్నాయంగా కాక పునాదిగా చూడాలి. భాస్వరం, నత్రజని, నాచు విషాల వంటివాటికి ప్రయోగశాల తప్పనిసరి. సెన్సార్ చూపే ఆక్సిజన్‌ను సరిచూసుకోవడానికి కూడా 1888 నాటి వింక్లర్ పద్ధతిలో సీసాలో చేసే రసాయన పరీక్షనే ఇప్పటికీ ఆశ్రయిస్తారు. శాఖ తానొక్కతే కొలిచినప్పుడు స్థానాలు తక్కువ, బడ్జెట్ కోత పడితే ముందుగా ఆగేదీ ఈ పనే. స్వచ్ఛంద బృందం తెచ్చిచ్చే సీసాలకు పరీక్ష చేసిపెట్టే బాధ్యత శాఖ తీసుకుంటే ఇద్దరికీ లాభం.

ఉపగ్రహ చిత్రాల గురించి రెండు మాటలు చాలు. ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 జంట 10 నుంచి 20 మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకోసారి, సెంటినెల్-3 జంట 300 మీటర్ల స్పష్టతతో దాదాపు రోజూ పెద్ద సరస్సు ఉపరితలాన్ని చూపుతాయి, అదీ ఉచితంగా. నాచు ఎటు కదులుతున్నదో చూడటానికి వాటికి సాటి లేదు. మబ్బు పడితే కనిపించదు, పై పొర కింద ఏముందో తెలియదు, నీటిలో తీసిన కొలతలతో సరిచూడకపోతే అంకెలను నమ్మలేము. నీటిలోని జన్యుపదార్థాన్ని పరీక్షించి జీవులను గుర్తించే పద్ధతి కొత్త చొరబాటు జాతులను పసిగట్టడానికి పనికొస్తుంది, మొదటి ఏడాది పద్దులో దానికి చోటు అక్కరలేదు.

సెన్సార్ కేంద్రాన్నే ముందు కొనమని నేను చెప్పే సందర్భం ఒకటుంది. 2014 ఆగస్టులో ఈరీ పశ్చిమ తీరాన టొలీడో నగరపు కుళాయి నీటిలో మైక్రోసిస్టిన్ అనే నాచు విషం లీటరుకు 1 మైక్రోగ్రాము పరిమితిని దాటడంతో, నాలుగు లక్షలకు పైగా జనానికి ఆ నీరు తాగవద్దనీ, కాచినా విషం పోదనీ చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత ఈరీ పశ్చిమ భాగంలో నీటి శుద్ధి కేంద్రాలు, పరిశోధకులు కలిసి సెన్సార్లను విస్తరించారు. సరస్సు నుంచి తాగునీరు తోడే గొట్టం ఉండి, నాచు వచ్చిన గంటల్లోనే శుద్ధి తీరు మార్చుకోవలసిన అవసరం ఉంటే పక్షానికోసారి దించే చక్రం కోసం కాచుకొని కూర్చోలేము. అలాంటప్పుడు కేంద్రాన్ని సరస్సు నడిమధ్యలో కాక గొట్టం ముఖద్వారానికి ఎగువన, గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వీస్తుందో ఆ వైపున నిలపాలి; దాని నిర్వహణ ఖర్చును ఉమ్మడి నిధి మీద వేయకుండా నీటి సరఫరా సంస్థ పద్దులో రాయించాలి; వారం వారం దాని పక్కనే ఒక చక్రాన్నీ దించుతూ ఉండాలి.